గోదావరి చెవి

పట్టాలు అందుకుంటున్న పిల్లలకు అభినందనలు, ఫీజులు కట్టిన అమ్మానాన్నలకు రెండింతలు.

నాది జనగామ పక్క పల్లె. నేవీలో చేరేదాకా చెరువుకన్నా పెద్ద నీళ్లు చూడలేదు. శిక్షణకు ఐఎన్‌ఎస్ కృష్ణ అనే ఓడ ఎక్కించారు. దానికో తోబుట్టువు ఉండేదట, పేరు గోదావరి. ఇక్కడ కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకునే మన గోదావరి పేరే!

ఆ గోదావరి ఓడ 1943లో ఇంగ్లండులో జలప్రవేశం చేసింది. యుద్ధకాలంలో వేరే ఓడలకు కాపలాగా వెంట నడవడం దాని పని. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దీవుల దగ్గర, బ్రిటిష్ ఓడ ఫిండ్‌హార్న్‌తో కలిసి జర్మన్ జలాంతర్గామి యు-198ను ముంచింది. అందులోని 66 మందిలో ఒక్కరూ మిగల్లేదు. దానికి చప్పట్లు అడగను. దేశ విభజనప్పుడు గోదావరి పాకిస్తాన్ వాటాకు పోయి ‘సింధ్’ అయింది. అన్నదమ్ముల పంపకాల్లో ఇంటి బిందె పోయినట్టు!

పుస్తకాలకెక్కింది జలాంతర్గామిని ముంచిన ఆ ఒక్క రోజే. మిగతా రోజులు? నీళ్లలోకి ‘పింగ్’ అని చప్పుడు పంపడం, అది దేనికైనా తగిలి తిరిగొస్తుందేమోనని చెవులొగ్గి కూర్చోవడం. గంటల తరబడి ఏమీ రాదు. అయినా వినాలి. భూపాలపల్లి పిల్లలకు ఇది నేను చెప్పాలా? బొగ్గుబాయిలో దిగిన మీ నాన్నలు పైకప్పును తట్టి వింటారు. ఖంగుమంటే సరే, డొల్లగా మోగితే వెనక్కి. రోజూ ఖంగుమంటోంది కదా అని ఒకరోజు తట్టడం మానేస్తే?

నేను మానేశాను. రాత్రి కాపలాలో గంటకోసారి గాలి పీడనం చూసి లాగ్‌బుక్కులో రాయాలి. నిద్రమత్తులో కిందటి గంట అంకెనే దించేశాను. అదృష్టం, తుఫాను రాలేదు. పై ఆఫీసరు తిట్టలేదు. ఆ గడి మీద వేలు పెట్టి, “చూసి రాశావా, ఊరికే రాశావా?” అన్నాడు. నలభై ఏళ్లు దాటాయి, ఆ వేలు ఇంకా నా కళ్లముందే ఉంది.

నా బెంగంతా ఇదే. మీరు ఫోనులో వచ్చింది చదవకుండా పంపించేస్తారు, వినకుండా ‘ఓకే’ అంటారు. మూడో వరుస బాబూ, ఫోను జేబులో పెట్టు నాయనా, నీ సంగతే చెప్తున్నా! ప్రాజెక్టు రిపోర్టులు పక్కవాడివి చూసి దించారని మీ సార్లు నాకు చెప్పలేదు లెండి. దించినవాణ్ణి, నాకు తెలీదా?

రేపు మహబూబాబాద్ ల్యాబులో రక్తం రిపోర్టు రాసినా, చెల్పూరు కరెంటు కేంద్రంలో మీటరు చూసినా, నిన్నటి అంకే వచ్చేలా ఉన్నా సరే, మళ్లీ చూసి రాయండి.

ఇక పట్టాలు తీసుకోండి. పేరు సరిగా పడిందో లేదో చూసుకుని మరీ!