పట్టణపు హోటలులో ఇంటిల్లిపాది

పెద్దలారా,

మీ కుమారుడో కుమార్తెయో హైదరాబాదులోనో విజయవాడలోనో కాపురముండి, మీరు చూడవచ్చినపుడు, "నేడు వంట వలదు, అందరము హోటలునకు పోవుదము" అనిన, మీలో పలువురు నొసలు చిట్లింతురని నే నెరుగుదును. ఇంట పొయ్యి యుండగా బయటి కూడేల? వండిన చేతు లెవరివో? ఇంత సొమ్ము దండుగ గాదా? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. వానికి నాకు తోచిన సమాధానమును నేడు మనవి చేసెదను.

డబ్బిచ్చి భోజనము చేయుట మనకు క్రొత్త గాదు. క్రీడాభిరామమున ఓరుగల్లు నగరపు పూటకూటియిల్లు వర్ణింపబడినది. అచ్చట ఒక్క రూకకు పిండివంటలతో భోజనము దొరకెడిది. గురజాడవారి కన్యాశుల్కమునందలి పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగువారు అరుదు. అయితే అట్టి యిండ్లలో భుజించిన వారెవరు? ఇల్లు విడిచి తిరుగు బాటసారులు, పనులమీద వచ్చిన పురుషులు. ఇల్లాలు బిడ్డలతో పూటకూటియింటికి పోవుట యన్నమాట లేదు. తరువాత హోటళ్ళు వచ్చినను, చాలచోట్ల ఆడువారు తెరకట్టిన చిన్నగదిలో కూర్చుండవలసినదే. హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో 'ఫ్యామిలీ రూము' అను బోర్డులను చిన్ననాట నేనును జూచితిని. నేడు ఆడువారు, పిల్లలు, ముసలివారు నడుమసాలలోనే బల్లలచుట్టు కూర్చుండి ఫలహారము చేయుచున్నారు. ఈ మార్పును నేను చిన్నదిగా నెంచను. ఏల యందురా, పెసరట్టు సంగతి విచారింపుడు.

పెసరట్టు పెనముమీదనుండి దిగినవెంటనే తినదగినది. ఆరినచో తోలువలె సాగును. మన యిండ్లలో పెనమొకటి. ఒకసారి కొక అట్టు. కావున అయిదుగురున్న యింట అట్లు పోయునామె తక్కిన నలుగురితో కలిసి తినుట కల్ల. వారందరును చేతులు కడిగికొనినపిదప, గిన్నె యడుగున మిగిలిన పిండితో తనకొక అట్టు పోసికొనును. అల్లపు పచ్చడి మిగిలిన సరి, లేకున్న ఉప్పుకారము. ఆమెను పస్తుంచవలెనని యెవరును తలపలేదు. పెనము పని యట్టిది. హోటలు పెనమో, నులకమంచమంత యుండును. ఒక్కసారిగా ఎనిమిది, పది అట్లు దానిపై పోయుదురు. అందుచే అయిదుగురికిని కావలసిన అట్లు ఒకేసారి బల్లకు వచ్చును.

గత సంవత్సరము మా తల్లిగారును, అన్నగారును పల్లెనుండి వచ్చిరి. ఒక ఆదివారము ఉదయమున నా భార్య, కుమార్తెలతో గూడ అందరము మా వీధిచివరనున్న టిఫిను హోటలునకు పోయితిమి. మా తల్లిగారికి 72 ఏండ్లు. ఆమె మాతోపాటు ఒకే వరుసను కూర్చుండి తినుట నే నంతకుముందు చూచి యుండలేదు. పెండ్లిండ్లలో సయితము ఆమెది కడపటి బంతియే. సర్వరు అయిదు పళ్ళెములు తెచ్చి మా యెదుట నుంచెను. ఆమె అలవాటు చొప్పున చేతులు ఒడిలో నుంచుకొని, "మీరు కానిండు" అనిరి.

"అత్తయ్యా, చల్లారిపోవునండీ. వడ్డించుటకు ఇక్కడ వేరే మనుష్యులున్నారు గదా" అని నా భార్య యనెను.

ఆమె చిన్న తునక త్రుంచి నోట నుంచుకొని కొంతసేపు మాటాడలేదు. పిదప, "వేడిమీద అంచు ఇట్లు కరకరలాడు నన్నమాట" అనిరి. వేలకొలది అట్లు పోసిన చేయి యది.

నాడు రద్దీ యెక్కువ. మా బల్లవద్ద ఆరవ కుర్చీ ఖాళీగా నుండుటచే, సర్వరు మమ్మడిగి ఒక తాపీమేస్త్రిని అందు కూర్చుండబెట్టెను. చేతులు కడిగికొనినను అతని గోళ్ళలో సిమెంటు మిగిలియున్నది. "ఏ యూరు నాయనా?" అని మా తల్లిగారడిగిరి. పాలమూరు జిల్లా యని యతడు చెప్పెను. అంతట వానలు, వేరుసెనగ చేలు, వలసపోయిన పిల్లలు. ఇరువురును మాటలలో బడిరి. కారప్పొడి డబ్బా అతని చేతినుండి మా యన్నగారి చేతికి వచ్చెను. కుల మెవరును అడుగలేదు. అతడు త్రాగిన గ్లాసును, మేము త్రాగిన గ్లాసులును ఒకే తొట్టికి పోయినవి.

ఇంటికి వచ్చునపుడు మా యన్నగారు మా యూరి టీ దుకాణము ప్రసక్తి తెచ్చిరి. మా చిన్ననాట అచ్చట గ్లాసులు రెండు విధములు. కొందరికి లోపలి గ్లాసులు. దళితులకు చూరున పెట్టిన వేరు గ్లాసు. త్రాగినపిమ్మట దానిని వారే కడిగి మరల చూరున పెట్టవలెను. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున దుకాణములను, భోజనశాలలను, హోటళ్ళను పేరుపెట్టి చెప్పి, కులము చేతగాని, మతము చేతగాని, ఆడు మగ భేదము చేతగాని యెవ్వరిని అచ్చట అడ్డగింపరాదని శాసించినది. అంటరానితనమును పాటించువారిని శిక్షించు చట్టము 1955లో వచ్చినది. అటుపిమ్మట ఎన్నేండ్లకు ఆ గ్లాసు చూరునుండి దిగినదో, ఎచ్చట ఇంకను దిగలేదో, ఊరిపెద్దలైన మీరు నాకన్న బాగుగా నెరుగుదురు.

ఇక ఖర్చు మాట. నాటి బిల్లు 520 రూపాయలు. మా తల్లిగారు వెంటనే, "నాలుగు కిలోల పెసలు" అనిరి. లెక్క సరియైనదే. కావున దినదినము పొమ్మని నేను చెప్పను. నెల కొకటి రెండు మారులు చాలును. బిల్లున 'సర్వీసు చార్జి' యని కొందరు కలుపుదురు. అది ఇచ్చితీరవలసినది కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే ఈ సంగతి ప్రకటించగా, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించినది.

వండిన చేతుల విషయము: 2006 నాటి ఆహారభద్రతా చట్టము ననుసరించి ప్రతి హోటలును లైసెన్సుగాని నమోదుగాని పొందియుండవలెను, ఆ 14 అంకెల సంఖ్య బిల్లుమీద నుండవలెను. అది కాగితపు సాక్ష్యము. నేను మాత్రము లోపలికి పోవుటకు ముందు పళ్ళెములు కడుగు తావును చూతును. ఆ తావు మురికిగా నున్నచో గోడల రంగులకు మోసపోను. వేసవిలో కొబ్బరి పచ్చడి త్వరగా చెడును. ముందు వాసన చూడుడు. పొగలు గ్రక్కుచు వచ్చిన పదార్థమునే తినుడు. రక్తపుపోటు గలవారు సాంబారు రెండవమారు పోయించుకొనకుండుట మేలు.

ఉదయము 8 గంటలకు ముందే పోయినచో రద్దీ తక్కువ. సర్వరునకు మన మాట వినుటకు తీరిక యుండును. మా తల్లిగారు సంక్రాంతి పిమ్మట మరల వత్తురు. ఈసారి తన యట్టులో పచ్చిమిరప తగ్గించి, అల్లము హెచ్చుగా వేయింపవలెనని ముందుగనే కబురు పంపిరి.