యు-2 విమానం కథ



యుద్ధం లేని రోజుల్లోనే, 1956 నుంచి, అమెరికావారి యు-2 విమానాలు సుమారు 70,000 అడుగుల ఎత్తున ఎగురుతూ సోవియట్ రష్యా సైనిక స్థావరాలను ఫొటోలు తీసేవి. రాడార్లకు కనిపించేవి గాని చేతికి అందేవి కావు. అమెరికా భయపడినన్ని బాంబర్లు రష్యా దగ్గర లేవని ఆ ఫొటోలే తేల్చాయి.

1960 మే 1న పెషావర్ నుంచి బయలుదేరిన విమానాన్ని స్వెర్డ్‌లోవ్‌స్క్ దగ్గర క్షిపణితో కూల్చారు. పైలట్ బతికి ఉండడనుకొని, అది వాతావరణ పరిశోధన విమానమని నాసా చేత ప్రకటన ఇప్పించారు. మన భాషలో చెప్పాలంటే తప్పుడు నోటు పుటప్ చేశారు! కృశ్చేవ్ ఆ మాట పూర్తిగా రానిచ్చి, 7వ తేదీన పైలట్ పవర్స్ ప్రాణాలతో తమ దగ్గరే ఉన్నాడని బయటపెట్టాడు. ఆ నెలలోనే పారిస్ శిఖరాగ్ర సమావేశం చెడింది.

అయితే ఐసెన్‌హోవర్ నెపం కిందివారి మీదికి నెట్టలేదు. బాధ్యత తనదేనని 11న విలేకరుల ముందు ఒప్పుకున్నాడు. పైవారి సంతకమున్న పొరపాటుకు మెమో అందుకున్న గుమాస్తాను నేను. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

పవర్స్‌కు పదేళ్ళ శిక్ష పడింది. 1962 ఫిబ్రవరిలో బెర్లిన్ అంచున ఒక వంతెన మీద, రష్యా గూఢచారి ఏబెల్‌ను అప్పగించి ఇతణ్ణి విడిపించుకున్నారు.