కార్యదర్శి విశ్రాంతికి ముందుచూపు

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో సమాఖ్య శిక్షణ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



దాణా గురించి, వెన్న శాతం గురించి, పాల ధర గురించి ప్రతి సమావేశంలోనూ చెప్పుకుంటూనే ఉన్నాము. ఈ రోజు పాలు పోయించుకునే మనిషిని గురించి మాట్లాడదలచాము.

1970లో మొదలై 1996లో ముగిసిన ఆపరేషన్ ఫ్లడ్ కాలంలో పల్లెల్లో అనేక పాల సంఘాలు వెలిశాయి. 1985లో 20 ఏళ్ల వయసున చేరిన కార్యదర్శికి 2025లో 60 నిండాయి. పాలకు సెలవు లేదు గనుక ఆయనకూ సెలవు లేకపోయింది. అటువంటి వానికి శాలువా కప్పి, దండ వేసి ఇంటికి పంపితే మరుసటి నెల ఇల్లు గడిచేదెట్లా? సంఘం నడిచేదెట్లా?

మొదట పని అప్పగింత సంగతి. పాల నాణ్యతను యంత్రం క్షణాల మీద చెబుతుంది. ఎవరి గేదె వట్టిపోయిందో, ఎవరి పాలు ఎండాకాలం త్వరగా విరుగుతాయో అది చెప్పదు. యంత్రం మొరాయించిన పూట గెర్బర్ పద్ధతిన ఆమ్లం కొలిచి వెన్న తేల్చగల చేయి కూడా కావాలి. కనుక విరమణకు ఏడాది ముందే ఊరి యువతీ యువకులలో ఒకరిని ఆయన పక్కన కూర్చోబెట్టండి. రిజిస్టర్లు, నిల్వలు, పాసు పుస్తకాలు పాలకవర్గం ఎదుట అప్పగింత కావాలి.

రెండవది సొమ్ము. గ్రాట్యుటీ సాధారణంగా 10 మంది, భవిష్యనిధి 20 మంది పనిచేసే చోటనే వర్తిస్తాయి. ఇద్దరు ముగ్గురితో నడిచే సంఘానికి ఆ నీడ అందదు. చట్టం అడగలేదు గదా అని ఊరుకోవడం సహకార ధర్మం కాదు. ఏటా ఒక్కొక్కరి పేర కనీసం 15 రోజుల జీతం బ్యాంకులో విడిగా వేసి, ఆ పద్దును మహాసభలో చదివి వినిపించండి.

ఆదాయపు పన్ను కట్టని యువ సిబ్బందికి 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజన ఉన్నది. 60 దాటాక నెలకు 5,000 రూపాయల పింఛను కోసం 18వ ఏట చేరినవారు నెలకు 210 రూపాయలు కడితే చాలు. 40వ ఏట చేరితే 1,454 రూపాయలు కట్టాలి. ఆలస్యానికి వెల అది. 40 దాటితే అందులో చేరే వీలే లేదు. అట్టివారు పోస్టాఫీసులో ప్రజా భవిష్యనిధి ఖాతా తెరవవచ్చును. గడువు 15 ఏళ్లు, ఏడాదికి కనీసం 500 రూపాయలు కట్టాలి.

“రెండు గేదెలున్నాయి, అవే మాకు పింఛను” అనే మాట మేము తరచు వింటున్నాము. పాడి మంచిదే. కాని మోకాళ్లు పట్టేసిన నాడు గడ్డి కోసేదెవరు, పేడ తీసేదెవరు? పాడికి తోడు పొదుపు కూడా ఉండాలి.

మా విన్నపం ఒక్కటే. రాబోయే పాలకవర్గ సమావేశంలో సిబ్బంది పేర్లు, చేరిన సంవత్సరం, 60 నిండే సంవత్సరం ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆ కాగితం చూశాక చేయవలసిన పని మీకే తెలుస్తుంది.

సెలవు.