ఎల్లలు లేని దొంగతనము - రాజ్యముల ధర్మము



దొంగ మన యూరివాడైనచో పంచాయతి పెట్టుదుము. పొరుగూరివాడైనచో ఠాణాకు పోదుము. సముద్రముల కావల కూర్చుండి కంప్యూటరు ద్వారా మన సొమ్ము హరించువానిని ఏ ధర్మము పట్టగలదు? దీనిని గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఇది పట్టణవాసుల ప్రశ్న మాత్రమే కాదు. కొండాపురము మండలమున తాళ్ళప్రొద్దుటూరు మున్నగు గ్రామములు గండికోట జలాశయపు ముంపునకు లోనయ్యెను. నేల పోయిన కుటుంబమునకు బ్యాంకులోని పరిహారపు సొమ్మే పొలము. ఆ పొలమునకు కంచె యేది?

2017 మే నెలలో ‘వానాక్రై’ అను కంప్యూటరు తెగులు 150 దేశములలో వ్యాపించెను. దస్త్రములకు తాళము వేసి, తాళపుచెవికి వెల యడుగుట దాని పద్ధతి. మన రాష్ట్రమున చిత్తూరు, గుంటూరు, కృష్ణా మున్నగు జిల్లాల పోలీసు కంప్యూటర్లును కొన్ని దాని వాతబడెను. ఆ డిసెంబరులో అమెరికా, బ్రిటను ప్రభుత్వములు ఇది ఉత్తర కొరియా పని యని ప్రకటించెను. ఆ దేశము కాదనెను. నేరము కనబడును, చేయి కనబడదు. ఇదియే ఇందలి చిక్కు.

తన గట్టు తెగి పొరుగువాని పైరు మునుగుచున్నదని యెరిగియు నూరకుండు రైతును మనము తప్పు పట్టుదుము. 1949 ఏప్రిలులో కోర్ఫూ జలసంధి వ్యాజ్యమున అంతర్జాతీయ న్యాయస్థానము రాజ్యములకును ఇట్టి ధర్మమునే చెప్పెను. తన నేల పరరాజ్యముల హక్కులకు భంగకరముగా వాడబడుచున్నదని తెలిసియు ఏ రాజ్యమును ఊరకుండరాదు. అంతర్జాతీయ ధర్మము కంప్యూటరు లోకమునకును వర్తించునని 2013లో ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘము అంగీకరించెను. ప్రజలకు ప్రాణాధారములగు ఏర్పాట్లను చెరుపరాదని 2015లో మర్యాదలు నిర్ణయించెను. అయితే అవి మర్యాదలే గాని శిక్షావిధులు కావు.

దొంగలను పట్టుటకు 2001లో బుడాపెస్టున ఒక ఒడంబడిక పుట్టెను; భారతదేశము అందు చేరలేదు. 2024 డిసెంబరు 24న ఐక్యరాజ్యసమితి మరియొక ఒడంబడికను ఆమోదించెను. 2025 అక్టోబరులో హనోయి నగరమున సంతకములు ఆరంభమయ్యెను. 40 రాజ్యములు ధ్రువపరచిన పిమ్మటనే అది అమలులోనికి వచ్చును.

2024లో విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిన సంగతి వినుడు. ఉద్యోగములని నమ్మించి కొనిపోయిన తెలుగు యువకులను కంబోడియాలో నిర్బంధించి, మన దేశీయులనే మోసగింపుడని హింసించిరి. కావున ఆవలి కొసనున్నవాడు బందీయు గావచ్చును. మనుష్యుల యక్రమ రవాణాను నిషేధించు 2000 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందమునకు భారతదేశము, కంబోడియా రెండును కట్టుబడినవి. బిడ్డను విదేశమునకు పంపుటకు ముందు ఆ దళారి ప్రభుత్వమున నమోదైనవాడో కాడో విచారింపుడు.

మన 2000 నాటి సమాచార సాంకేతిక చట్టపు 75వ సెక్షను, ఇచటి కంప్యూటరుకు హాని చేసిన పరదేశస్థునికిని వర్తించును. కాని వానిని రప్పించుటకు సంవత్సరములు పట్టును. సొమ్ము గడియలలో చేతులు మారును. కనుక మోసము తెలిసిన తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయుడు. ‘డిజిటల్ అరెస్టు’ అనునది మన చట్టమున లేనే లేదు. ఆ మాట యెత్తినవాడు మోసగాడని యెరుగుడు. ఈ సంగతి రచ్చబండ కడ నలుగురికిని చెప్పవలెనని నా ప్రార్థన.