మెస్ బిల్లే మొదటి డిమాండ్

(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)



విద్యార్థి సంఘం ఎందుకని అడిగితే విప్లవం కోసమని ఒకరంటారు, దేశం కోసమని ఇంకొకరంటారు. సరే. వాళ్ల కరపత్రం తీసి చూడండి. మొదటి డిమాండ్ ఏది, చివరిది ఏది? సంఘం ఎవరిదో ఆ వరసే చెబుద్ది.

మేం చదువుకునే రోజుల్లో స్కాలర్‌షిప్ ఎప్పుడూ పదో డిమాండే. అది పరీక్షలయ్యాక వచ్చేది. మెస్ బిల్లు మాత్రం నెలనెలా వచ్చేది. బాకీ ఉన్నోళ్ల పేర్లు నోటీసు బోర్డుకెక్కేవి. ఎక్కువ మంది మన పేటల పిల్లలే. మా గదిలో మిత్రుడొకడు తన పేరు చూసుకుని, ఎవరికీ చెప్పకుండా ట్రంకు పెట్టె సర్దుకుని కూలికి పోయాడు. ఆ వారమే మా సంఘం సామ్రాజ్యవాదం మీద ఊరేగింపు తీసింది. మేమూ గొంతులు పోయేలా నినాదాలిచ్చాం. వాడి ఖాళీ మంచం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ తప్పులో మాకూ వాటా ఉంది.

"ఇవి తిండి సమస్యలు, రాజకీయాలు కావు" అనేవాళ్లు నాయకులు. కడుపు నిండినోడికే ఆ తేడా కనబడుద్ది. బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీదనే గదా 1913లో బాబాసాహెబ్ కొలంబియా యూనివర్సిటీ గడప తొక్కింది!

1993లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టింది. 2015 డిసెంబర్‌లో ఆ సంఘానికి చెందిన 5గురు పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టాలని ఉత్తర్వులిచ్చారు. వాళ్లు క్యాంపస్‌లో ఆరుబయట గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. తనకు 7 నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు రావాలని చివరి ఉత్తరంలో రాశాడు. నక్షత్రాలను ప్రేమించిన పిల్లవాడు ఆఖరికి బకాయి లెక్క రాయాల్సొచ్చింది. ఫెలోషిప్ చిన్న డిమాండ్ అని ఇంకా ఎవరైనా అంటారా?

అందుకే డిమాండ్ల వరస తిరగరాయండి. ఈ ఏడు చదువు మానేసిందెవరో పేరుపేరునా జాబితా రాయండి. వాళ్లిళ్లకు వెళ్లండి. గైడ్ దొరక్క తిరుగుతున్నదెవరో కనుక్కోండి. ఆ జాబితా రాసేచోట ఆడపిల్లలు ముందు కూచోవాలి. ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధన పెట్టింది. మీ కాలేజీలో ఆ అధికారి ఎవరు? గది ఎక్కడుంది? రేపే వెళ్లి అడగండి.

దేశం గురించీ, ప్రపంచం గురించీ మాట్లాడదాం. ముందు ఖాళీ అయిన మంచం లెక్క తేల్చుదాం.

జై భీమ్!