పెల్లెట్ స్టవ్ కొనేముందు

అమెరికా ఈశాన్యాన వెర్మాంట్ లాంటి మంచు రాష్ట్రాల్లో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి పెల్లెట్ స్టవ్ వాడేవాళ్లున్నారు. రంపపు పొట్టును గట్టిగా అదిమి, సుమారు 6 మిల్లీమీటర్ల మందాన చేసిన గుళికలే అందులో ఇంధనం. తొట్టిలో పోస్తే, మరచుట్టున్న కడ్డీ ఒకటి తిరుగుతూ వాటిని కొద్దికొద్దిగా మంటలోకి నెడుతుంది.

ఆ కడ్డీ, ఫ్యాన్లు కరెంటుతోనే తిరుగుతాయి. మంచు తుఫానుకు కరెంటు పోతే స్టవ్ కూడా ఆగిపోతుంది. అసలు చలి కొరికేది అప్పుడే! బ్యాటరీయో జనరేటరో ముందే చూసుకోవాలి.

పెద్దది కొంటే మంచిదనుకోవద్దు. అవసరానికి మించిన స్టవ్ ఎప్పుడూ సన్నమంట మీదే నడిచి మసి పట్టేస్తుంది. ఇంటి వైశాల్యం, గోడలు వేడిని నిలిపే తీరు చూసి ఎంచుకోండి. తలుపులు మూసిన పడకగదుల దాకా దాని వేడి సరిగా చేరదు.

బిగించే పని మాత్రం తెలిసినవాళ్లకే అప్పగించండి. పొగగొట్టం ఈ స్టవ్‌ల కోసమే చేసిన రెండు పొరలది కావాలి, దాని మూతి కిటికీలకు దూరంగా ఉండాలి. స్టవ్ కింద నిప్పంటుకోని పలక వేయాలి.

గుళికలు తడిస్తే ఉబ్బి పొట్టయిపోతాయి, బస్తాలు పొడిచోట పెట్టండి. బూడిదలో నిప్పు చాలాసేపు దాగి ఉంటుంది. మూతున్న ఇనప బకెట్‌లో ఎత్తి ఇంటి బయట ఉంచండి.

మంటలో పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. దాన్ని పసిగట్టే అలారం లేకుండా ఒక్క రాత్రి కూడా స్టవ్ వెలిగించకండి.