ఓటరు వ్రాసెడి వరుస



ఈ రజతోత్సవ సభలో ఎన్నికలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. అమెరికా దేశమున నడచుచున్న ఒక వివాదమును మీ ముందుంచెదను.

మామూలు ఎన్నికలో ఓటరు ఒక్క పేరునకే గుర్తు వేయును. ముగ్గురు పోటీచేసినచో నూటికి నలుబది ఓట్లు వచ్చినవాడే గెలువవచ్చును. అతనిని కోరని అరువదిమంది మాట వృథా యగును. ప్రాధాన్యక్రమ పద్ధతిలో ఓటరు 1, 2, 3 అని వరుస వ్రాయును. ఎవరికిని సగమునకు మించి రానియెడల, అందరికన్న తక్కువ వచ్చినవానిని తొలగించి, అతని ఓట్లను తరువాతి ప్రాధాన్యమునుబట్టి మిగిలినవారికి పంచుదురు.

ఇది మనకు క్రొత్త గాదు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో మొదటి లెక్కకు వి.వి. గిరిగారికి 4,01,515, నీలం సంజీవరెడ్డిగారికి 3,13,548 విలువగల ఓట్లు వచ్చినవి. కావలసిన సంఖ్య ఎవరికిని రాలేదు. తరువాతి ప్రాధాన్యములను లెక్కించిన పిమ్మటనే గిరిగారు 4,20,077తో గెలిచినారు. శాసనమండలి పట్టభద్రుల ఎన్నికలలో ఈ వరుసను స్వయముగా వ్రాసినవారు మనలోనే కలరు.

అమెరికాలోని మెంఫిస్ నగర ఓటర్లు 2008లో ఈ పద్ధతిని కోరుకొనిరి. దానిని రద్దుచేయుదమా యని 2018లో అడుగగా వలదనిరి. ఐనను ఒక్క నగర ఎన్నికయు దానితో జరుగకముందే, 2022లో టెనెస్సీ రాష్ట్రము దానిని అంతటను నిషేధించెను. అదే సంవత్సరము ఫ్లోరిడాయు, 2023లో ఐడహో, మోంటానా, దక్షిణ డకోటాలును అట్లే చేసినవి. మిస్సోరిలో 2024లో ప్రజలే ఓటువేసి నిషేధమును రాష్ట్ర రాజ్యాంగమున చేర్చిరి.

నిషేధించినవారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఓటుపత్రము చిక్కుగా నుండుననియు, ఫలితము ఆలస్యమగుననియు, వరుస పూర్తిగా వ్రాయనివారి ఓటు చివరి లెక్కకు నిలువకపోవచ్చుననియు వారందురు. ఇవి నిజమైన చిక్కులే. కాని వాని బరువు తూచవలసిన దెవరు?

అలాస్కా ప్రజలు 2020లో ఈ పద్ధతిని తెచ్చుకొనిరి. 2022లో వాడి చూచిరి. 2024లో రద్దు ప్రతిపాదనను వేయి ఓట్లకు లోబడిన తేడాతో తిరస్కరించిరి. తేడా స్వల్పమే, కాని అది వాడిచూచినవారి తీర్పు. మెంఫిస్ వారికి ఆ యవకాశమే దక్కలేదు. పరీక్షించి విడుచుట వేరు, పరీక్షింపనీయకుండుట వేరు.

మన గ్రంథాలయమున పుస్తకము నచ్చనివాడు దానిని తిరిగి యిచ్చివేయును. బీరువాకు తాళము వేయుమని కోరడు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు నేర్పిన మర్యాద ఇదియే. ఎన్నికల పద్ధతుల విషయమునను అదే మర్యాద నిలుచుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.